ఓడిపోయినవాణ్ణి చివరి పేరాలో గెలిపించకు

అమ్మాయ్,

జర్మన్ రచయిత, పాత్రికేయుడు కుర్ట్ టుఖోల్‌స్కీ మీద నువ్వు పంపిన పదకొండు పేజీలూ నిన్న రాత్రి ఒకసారి, తెల్లారి లేచి ఇంకోసారి చదివా. తెలుగులో ఈయన గురించి ఇంత ఓపిగ్గా రాయాలని ఒకరికి అనిపించడమే నాకు సంతోషం. కానీ చివరి పేరా దగ్గరకొచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది. "ఆయన మరణించినా ఆయన కలం గెలిచింది" అని రాశావ్. గెలిచిందని నీకెవరు చెప్పారు?

1935 డిసెంబర్ 21న స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్ ఆస్పత్రిలో పోయేనాటికి ఆయన పరిస్థితి ఏంటో నువ్వే రాశావ్ కదా, మూడు పేజీల ముందు. 1933 మే 10న బెర్లిన్‌లో నాజీలు ఆయన పుస్తకాలు తగలబెట్టారు, ఊరికే కూడా కాదు, ఆయన పేరూ ఆయన ఎడిటర్ ఒస్సియెట్స్కీ పేరూ గట్టిగా అరిచి మరీ మంటల్లో వేశారు. అదే ఏడాది ఆగస్టులో పౌరసత్వం పీకేశారు, 33 మందితో వచ్చిన మొదటి లిస్టులోనే ఆయన పేరుంది. 1932 తర్వాత అచ్చుకి దాదాపు ఏమీ ఇవ్వలేదు. ఉత్తరాలు మాత్రం రాస్తూ ఉన్నాడు, వాటిల్లో నేను జర్మన్‌గా ఉండడం మానేశాను, రచయితగా ఉండడం మానేశాను అని చెప్పుకున్నాడు. ఇన్నీ నీ చేత్తోనే రాసి, ఆఖర్లో నాలుగు లైన్లలో ఆయన్ని లేపి కూర్చోబెట్టి దండ వేసేశావ్. ఆ దండ ఆయనకి కాదు, చదివేవాళ్ళు బాధపడకుండా నిద్రపోవడానికి.

ఈ జబ్బు నీ ఒక్కదానిది కాదులే. మా తరం ఎడిటర్లు అంటించిపోయిన జబ్బు ఇది. "పాజిటివ్‌గా ముగించండి", "పాఠకుడు ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ చదువుతాడు, వాడి మూడ్ పాడుచెయ్యకండి" అనేవాళ్ళు. ఇప్పుడు దానికి ఇన్‌స్పిరేషన్ అని పేరు పెట్టారు, అంతే తేడా.

నా సంగతి ఒకటి చెప్తా విను. నేను జిల్లాలో కంట్రిబ్యూటర్‌గా చేసేటప్పుడు, లైన్ అకౌంట్ రోజులు, అంటే అచ్చయిన లైన్లు లెక్కగట్టి డబ్బులిచ్చే రోజులు, నాకంటే పదేళ్ళు పెద్దాయన ఒకరు పక్క మండలంలో వార్తలు రాసేవాడు. రేషన్ బియ్యం ఎవరి గోడౌన్‌కి పోతుందో, ఏ లారీలో, ఏ రాత్రి, పేర్లతో సహా రాశాడు. కొట్టారు, కేసు పెట్టారు, పేపర్ వాళ్ళు ఆయన మా మనిషి కాదని చెప్పి కార్డు వెనక్కి తీసేసుకున్నారు. తర్వాత ఎస్టీడీ బూత్ పెట్టుకుని ఎనిమిదేళ్ళు బతికాడు, ఒక్క అక్షరం రాయలేదు. పోయినప్పుడు నేను నివాళి రాశా. బూత్‌లో పాత పేపర్ల కట్ట ఉండేది, అందులో తన వార్తలు ఉన్నా ఎప్పుడూ తీసి చూపించలేదు అని ముగించా. డెస్క్‌లో ఎవరో దాని కింద "అయితేనేం, ఆయన అక్షరాలు అమరం" అని తగిలించి వేశారు. నా పేరుతో. దినం రోజు వాళ్ళావిడ ఆ పేపర్ చేత్తో పట్టుకుని వచ్చి, "అమరం అయితే మరి ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కరూ ఆయనకి ఫోన్ చెయ్యలేదెందుకు బాబూ" అని అడిగింది. నేను రాయలేదమ్మా అని చెప్పడానికి నోరు రాలేదు. ముప్ఫై ఏళ్ళయింది, ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది. అందుకే నీ చివరి పేరా చూసి అంత కోపం వచ్చింది.

ఇప్పుడు నువ్వు వదిలేసిన సంగతి. అసలు ఈ ఉత్తరం రాస్తోంది దీని కోసమే.

1931 ఆగస్టులో వెల్ట్‌బ్యూనె పత్రికలో ఇగ్నాజ్ వ్రోబెల్ అనే పేరుతో ఆయన రాసిన ముక్కలో "సోల్జర్లు హంతకులు" అనే వాక్యం ఉంది, అది నువ్వు చక్కగా పట్టుకున్నావ్. సైన్యాన్ని అవమానించారని కేసు పడింది అని కూడా రాశావ్. కానీ ఎవరి మీద పడింది? రాసినవాడి మీద కాదు. ఆయన అప్పటికే స్వీడన్‌లో ఉన్నాడు. ఎడిటర్ కార్ల్ ఫాన్ ఒస్సియెట్స్కీ మీద పడింది. ఆ ఒస్సియెట్స్కీ అప్పటికే ఇంకో కేసులో, అంటే జర్మనీ దొంగచాటుగా విమాన దళం పెంచుకుంటోందని 1929లో వేసిన వ్యాసానికి, పద్దెనిమిది నెలల శిక్ష పడి 1932 మేలో జైలుకెళ్ళాడు. సోల్జర్ల కేసు జూలైలో విచారణకొచ్చింది. టుఖోల్‌స్కీ వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడి, బెర్లిన్‌లో నాజీలు ఏం చేస్తారో అని భయపడి, వెళ్ళలేదు. కేసు కొట్టేశారు, ఆ వాక్యం ఫలానా మనుషుల్ని ఉద్దేశించింది కాదు అని. మరి ఒస్సియెట్స్కీ? డిసెంబర్ క్షమాభిక్షలో బయటికొచ్చాడు, రెండు నెలలు దాటాయో లేదో పార్లమెంటు తగలబడిన మర్నాడు 1933 ఫిబ్రవరి 28న మళ్ళీ పట్టుకుపోయారు, తర్వాత నాజీల నిర్బంధ క్యాంపులు. 1935 సంవత్సరానికి నోబెల్ శాంతి బహుమతి 1936లో ఇచ్చారు, 1938 మే 4న పోయాడు.

చనిపోయే ముందు టుఖోల్‌స్కీ విడిపోయిన భార్య మేరీకి ఒక ఉత్తరం రాశాడు. అందులో, ఒస్సియెట్స్కీ విషయంలో నేను రాలేదు, అప్పుడు నేను తప్పాను, బద్ధకం, పిరికితనం, అసహ్యం, తిరస్కారం అన్నీ కలిసిపోయాయి, అయినా నేను రావాల్సింది అన్న అర్థంలో రాశాడు. అమ్మాయ్, ఆ ఉత్తరం పక్కన పెట్టి నీ చివరి పేరా మళ్ళీ చదువు. ఆయనే తనని క్షమించుకోలేదు, నువ్వెవరు క్షమించి గెలిపించడానికి?

ఆయన పిరికివాడని రాయమనడం లేదు, అదీ తప్పే. ఒస్సియెట్స్కీకి నోబెల్ రావాలని కూడా అక్కణ్ణించే పాటుపడ్డాడు. 1935 చివర్లో నట్ హామ్సన్, తను ఎంతో ఆరాధించిన రచయిత, క్యాంపులో ఉన్న ఒస్సియెట్స్కీని తిడుతూ రాస్తే తట్టుకోలేకపోయాడు. అవన్నీ రాయి, ఇదీ రాయి, పక్కపక్కన పెట్టి వదిలెయ్. తీర్పు నువ్వు చెప్పకు.

ఆత్మహత్య అని ఖాయంగా రాశావ్ కదా, అది కూడా మార్చు. నిద్రమాత్రలు ఎక్కువయ్యాయి, అంతవరకే ఖాయం. కావాలనే మింగాడా, పొరపాటా అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు.

మారుపేరు పెట్టుకోవాలా అని అడిగావ్. ఆయనకి నాలుగున్నాయి, టైగర్, పాంటర్, వ్రోబెల్, హౌజర్. చిన్న పత్రికలో ఒకే పేరు నాలుగుసార్లు కనిపిస్తే బాగోదని పెట్టుకున్నాడు. వ్రోబెల్ అనేది చిన్నప్పటి లెక్కల పుస్తకం మీది పేరు. దాక్కోడానికి పెట్టుకున్నవి కావు, బెర్లిన్‌లో అందరికీ తెలుసు ఎవరో. ఇంక నువ్వు ఏ పేరుతో రాసినా సరే, ఎదుటివాడి పేరు మాత్రం దాచకు. నీ వ్యాసంలో "న్యాయవ్యవస్థ పక్షపాతం చూపింది" అని ఒక వాక్యం ఉంది, అది గాలికి కొట్టిన దెబ్బ. గుంబెల్ అనే ఆయన 1922లో పుస్తకం వేశాడు, జర్మనీలో నాలుగేళ్ళలో అతివాద జాతీయవాదులు చేసిన రాజకీయ హత్యలు 354, వామపక్షం వాళ్ళు చేసినవి 22 అని లెక్క తీసి, ఎవరికి ఎంత శిక్ష పడిందో పక్కన పెట్టాడు. ఆ రకం లెక్కలు పట్టుకునే టుఖోల్‌స్కీ జడ్జీల మీద పడ్డాడు. ఆ రెండు అంకెలు పెడితే నీ వాక్యం అక్కర్లేదు.

1995లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ "సోల్జర్లు హంతకులు" వాక్యానికి భావ ప్రకటన స్వేచ్ఛ వర్తిస్తుందని చెప్పింది, అదే గెలుపని నీ ఉద్దేశమని నాకు తెలుసు. అది పెట్టు, తేదీ వేసి పెట్టు. కానీ చనిపోయి అరవై ఏళ్ళయ్యాక వచ్చిన తీర్పు అని కూడా రాయి. స్వీడన్‌లో, హిందోస్ అనే ఊళ్ళో ఇంట్లో కూర్చుని ఆ ఉత్తరం రాసినాయనకి అది అందలేదు.

నోట్‌బుక్‌లో ఆయన గీసిన మెట్ల బొమ్మ గురించి ఏడో పేజీలో ఒకే వాక్యం రాశావ్. కింద మెట్టు మాట్లాడ్డం, దాని పైన రాయడం, పైన మౌనం. దానికి నువ్వు వ్యాఖ్యానం ఏమీ చెయ్యలేదు, చాలా బాగుంది. ఏడో పేజీలో నువ్వు అలా ఆగగలిగావంటే పదకొండో పేజీలోనూ ఆగగలవ్.

చివరి పేరా మొత్తం కొట్టేసి, ఒస్సియెట్స్కీ కేసు కలిపి, వచ్చే ఆదివారంలోపు పంపు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపు, పక్కన రాయడానికి వీలుంటుంది.

ఉంటాను.