వైజాగ్ పాత ఊరు ఒక్క పూటలో నడిచి చూడాలంటే, ముందు కొండెక్కండి

డిసెంబరులో అమ్మగారితో విశాఖ వస్తున్నామని, ఆర్కే బీచ్, కైలాసగిరి, సబ్‌మెరైన్ ఇదివరకే చూసేశామని, ఒక పొద్దుటి పూట ఖాళీగా ఉందని రాశారు. వన్‌టౌన్‌లో, అంటే పాత ఊళ్లో, నడిచి చూడదగ్గవి ఉన్నాయా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. "అక్కడేముంది, ఇరుకు సందులు తప్ప" అని మీ ఫ్రెండ్ ఎవరో అన్నారట కూడా.

నేను పుట్టి పెరిగింది చెంగలరావుపేటలో. ఇప్పుడు ఉండేది ఎంవీపీ కాలనీ అయినా, ఇంటికి చుట్టాలొస్తే నేను మొదట తీసుకెళ్లేది వన్‌టౌన్‌కే. అందుకని కాస్త వివరంగానే చెబుతాను.

చాలామంది కురుపాం మార్కెట్ దగ్గర ఆటో దిగి, ఫోన్‌లో లిస్టు చూసుకుంటూ టౌన్ హాల్ ఎక్కడ, విక్టోరియా బొమ్మ ఎక్కడ అని తిరుగుతారు. గంటలో అన్నీ అయిపోతాయి. ఇంతేనా అనుకుని వెళ్లిపోతారు. కానీ ఆ భవనాల వల్ల ఇక్కడ ఊరు వెలియలేదు. కొండ, సముద్రం, ఆ రెండింటి మధ్య ఉప్పుటేరు ఉండబట్టి వెలిసింది. అది కింద సందుల్లో తిరిగితే కనపడదు. ముందు కొండెక్కి చూడాలి. ఒకసారి పైనుంచి చూసి దిగితే, తర్వాత కనపడే ప్రతి వీధీ అక్కడే ఎందుకుందో మీకే అర్థమవుతుంది.

హార్బర్ పక్కన వరసగా మూడు కొండలుంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మూడోదాని మీద మేరీమాత చర్చి. ఈ మూడోదాన్నే రాస్ హిల్ అంటారు. రాస్ అనే ఆయన 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత ఆ ఇల్లే ప్రార్థనా మందిరమైంది. వెంకన్న గుడి కట్టించింది కూడా ఒక ఇంగ్లీషు కెప్టెనే, బ్లాక్‌మూర్ అని, 1866లో అని చెబుతారు. మా చిన్నప్పుడు మా వీధి ఆడవాళ్లు పిల్లలకి జ్వరమొస్తే మూడు కొండలకీ మొక్కుకునేవారు. అందులో ఎవరికీ వింతేమీ కనపడేది కాదు. ఇప్పటికీ దర్గా దగ్గర బొట్టు పెట్టుకున్నవాళ్లు, చర్చిలో పూలదండలు తెచ్చినవాళ్లు మీకు కనపడతారు.

మూడూ ఎక్కే ఓపిక లేకపోతే రాస్ హిల్ ఒక్కటి ఎక్కండి. ఆరున్నరకల్లా పైన ఉంటే ఎండ తగలదు. అమ్మగారిని తొందరపెట్టకుండా మధ్యమధ్యలో ఆగుతూ ఎక్కించండి.

పైన చర్చి ఆవరణలో నిలబడి దక్షిణం వైపు చూడండి. ఎదురుగా నీళ్లలోకి పొడుచుకొచ్చిన పెద్ద కొండ డాల్ఫిన్స్ నోస్. ఎత్తు 174 మీటర్లు. పైన లైట్‌హౌస్ ఉంటుంది. ఆ కొండకీ మీరు నిలబడ్డ కొండకీ మధ్య సన్నటి కాలువలా కనపడేదే హార్బర్‌లోకి పోయే దారి. అదృష్టం బాగుండి ఆ టైముకి ఓడ వస్తే మాత్రం కదలకండి. ముందొక టగ్గు (ఓడని లాగే చిన్న పడవ), వెనకొక టగ్గు, మధ్యలో ఆరేడు అంతస్తుల ఎత్తు ఓడ. ఇంజిను చప్పుడు కూడా పెద్దగా వినపడదు, అంత నెమ్మదిగా కొండ కిందనుంచి జారుకుంటూ పోతుంది. డెక్ మీద తాడు చుట్టుకుంటున్న మనిషి తలకి కట్టుకున్న గుడ్డ రంగు కూడా చెప్పొచ్చు. మా మేనల్లుడు వాళ్లకి చెయ్యి ఊపితే, డెక్ మీద నుంచి ఒకాయన తిరిగి ఊపాడు. వాడికి ఆ రోజంతా అదే కబురు. ఈ దారిన పోయే ఓడలు దర్గాకి గౌరవంగా జెండాని మూడుసార్లు ఎత్తి దించేవని పాత గెజిటీర్లలో ఉంది.

ఈ హార్బర్ పాతదేం కాదు. మొదటి ఓడ 'జలదుర్గ' లోపలికి వచ్చింది 1933 అక్టోబరు 7న. అంతకుముందు ఓడలు సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకంతా మసులా పడవల మీద, అంటే చెక్కల్ని తాళ్లతో కుట్టిన పడవల మీద, అలలు దాటించి, ఒడ్డుకి చేర్చేవారు. లోపల మీకు కనపడే క్రేన్లు, బెర్తులు ఉన్న చోటంతా మేఘాద్రిగెడ్డ అనే ఏరు వచ్చి కలిసే బురద నేల. దాన్ని తవ్వి హార్బర్ చేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు. సముద్రం వైపున్న అవుటర్ హార్బర్ 1970లలో వచ్చింది. అంటే ఇంగ్లీషు కంపెనీ 1680లలో ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నప్పుడు రేవు లేదు, ఉన్నది గాలికి అడ్డంగా ఒక కొండ, చిన్న పడవలు దాక్కోవడానికి ఏరు, అంతే. అది చాలు అనుకున్నారు. 1689లో ఔరంగజేబు సైన్యం వచ్చి పట్టుకుంది, 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టుకున్నాడు, 1804లో ఫ్రెంచి ఓడలు వచ్చి ఇక్కడే ఇంగ్లీషు ఓడతో ఫిరంగులు పేల్చుకున్నాయి. ఇంత చిన్న చోటు కోసం ఎందుకు కొట్టుకున్నారో ఆ కొండ మీద నిలబడితేనే బుర్రకెక్కుతుంది.

అక్కడే ఇంకో సంగతి మీ వాళ్లకి చెప్పండి. 1780 అక్టోబరులో హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడలో మద్రాసు పొమ్మంటే ఇక్కడి సిపాయిలు మేం ఎక్కమన్నారు, తిరగబడ్డారు. 1857కి 77 ఏళ్ల ముందు మాట. ఊళ్లో దాని గుర్తుగా పెద్దగా ఏమీ కనపడదు, నాకది చాలా లోటుగా అనిపిస్తుంది. మన పిల్లలకి మీరట్ తెలుసు, సొంత ఊరి సిపాయిలు తెలీదు.

కొండ దిగాక బురుజుపేట వైపు నడవండి. కోట ఉండేదన్న చోటు ఇదే. కోట కనపడదు, కోటవీధి, బురుజుపేట అన్న పేర్లు మాత్రం మిగిలాయి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి విశాఖ ఊరందరి గుడి. గర్భగుడికి పైకప్పు ఉండదు. అమ్మవారు ఎండకీ వానకీ అలాగే ఉంటుంది. పూజారి అడ్డు లేకుండా మీ చేత్తో మీరే పసుపు కుంకుమ వేసి, పాలు పోసి, దణ్ణం పెట్టుకోవచ్చు. అమ్మగారికి ఈ ఒక్కటి చాలు, వైజాగ్ వచ్చినందుకు. 1912లో బావిలో విగ్రహం దొరికిందని చెబుతారు. 1917లో రోడ్డు కోసం విగ్రహాన్ని పక్కకి జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందని, మళ్లీ యథాస్థానంలో పెట్టాకే తగ్గిందని మా నాయనమ్మ ఎంతో నమ్మకంగా చెప్పేది. పురిటి నీళ్లయ్యాక పసిపిల్లల్ని తెచ్చి అమ్మవారి కాళ్ల దగ్గర పడుకోబెడతారు. ఆ బిడ్డ ఏడుపు, చుట్టూ నవ్వులు, పసుపు నీళ్లతో తడిసిన నేల. కాసేపు పక్కన నిలబడి చూడండి.

మీరు వచ్చేది డిసెంబరు కాబట్టి ఒక హెచ్చరిక. మార్గశిర మాసం గురువారాలు లక్షల్లో వస్తారు, క్యూలు వీధులు దాటిపోతాయి. ఆ సందడే చూడాలనుకుంటే సరే, లేకపోతే గురువారం వద్దు. అలాగే డిసెంబరు 8 మేరీమాత పండగ, ఆ రోజు రాస్ హిల్ మీద అడుగు పెట్టే చోటుండదు.

గుడి నుంచి కురుపాం మార్కెట్. బంగారం కొట్లు పదిన్నర దాటితే గానీ తెరవరు, కానీ పూలు, తమలపాకులు, పసుపు కుంకుమ, ఇత్తడి సామాను కొట్లు ముందే తెరుస్తారు. ఇక్కడ కొనేదాని కన్నా పక్క సందుల్లోకి తిరగడమే అసలు పని. పెంకుటిళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వీధిలోకి రెండు అరుగులు, టేకు స్తంభాలు, చిన్న గుమ్మానికి పెద్ద ఇత్తడి కడియాలు. ఒక ఇంటి గుమ్మం పైన చెక్కిన చిలకల వరసలో చివరిది సగంలో ఆగిపోయి ఉంటుంది, చిన్నప్పటి నుంచీ నాకది చూడటం అలవాటు. ఇంటివాళ్లని అడక్కుండా ఫోటో తీయొద్దు. అడిగితే మాత్రం చాలామంది లోపలికి పిలిచి మంచినీళ్లిస్తారు. ఏటా రెండో మూడో ఇలాంటి ఇళ్లు కూలుస్తున్నారు, అపార్టుమెంట్లు లేస్తున్నాయి. వాటాలు పడ్డ ఇంట్లో రిపేర్లకి ఎవరు డబ్బు పెడతారు అంటే నా దగ్గర జవాబు లేదు. అందుకే త్వరగా వచ్చి చూడమంటాను. ఈ ఊరి వడ్రంగులు దంతం పొదిగి చేసిన కుర్చీలు, పెట్టెలు 18వ శతాబ్దంలో ఇంగ్లండు దాకా వెళ్లాయి, లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ చేతుల వారసత్వం ఇక్కడి తలుపుల మీద కొంచెం కనపడుతుంది.

టౌన్ హాల్, విక్టోరియా రాణి కంచు విగ్రహం, క్వీన్ మేరీ స్కూలు అన్నీ దగ్గరదగ్గరే, ఓల్డ్ పోస్టాఫీస్ చుట్టుపక్కల. పావుగంట చాలు. స్కూలుని బయటనుంచే చూడండి, అది ఆడపిల్లలు చదువుకునే చోటు.

మీకు చదువు సంధ్యల మీద ఇష్టముంటే సెయింట్ అలోసియస్ స్కూలు ముందు కాస్త ఆగండి. సి.వి.రామన్ చిన్నప్పుడు చదివింది అక్కడే. వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. పదకొండేళ్లకే మెట్రిక్ పాసైన పిల్లాడు ఈ వీధుల్లోనే పుస్తకాలు మోసుకుంటూ తిరిగాడు. ఏవీఎన్ కాలేజీ 1860లో స్కూలుగా మొదలైంది, అంకితం వెంకట నరసింగరావు గారి భార్య ఇచ్చిన విరాళం వల్లే దాని పూర్తి పేరు మిసెస్ ఏవీఎన్ కాలేజీ. ఆ నరసింగరావు గారి మామగారు జగ్గారావు గారు 1840లోనే డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నారు. నక్షత్రాలు చూసి టైము లెక్కగట్టి, డాల్ఫిన్స్ నోస్ మీద జెండా కర్రతో సముద్రంలోని ఓడలకి టైము తెలిసేలా చేశారు. రాస్ హిల్ మీద నుంచి మీరు చూసిన అదే కొండ.

యుద్ధకాలం గురించి కూడా వినే ఉంటారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి హార్బర్ మీద బాంబులు వేశాయి. ఆ మర్నాటికి పాత ఊరు సగం ఖాళీ అయిందని, మా తాతయ్య వాళ్లు ఎడ్లబండి మీద సామాను వేసుకుని చోడవరం పోయారని ఇంట్లో చెప్పుకునేవారు. అప్పట్లో పడి పేలని బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. సాయంత్రం వీలుంటే చూడండి.

ఫిషింగ్ హార్బర్ చూడాలా అంటే, చూడాలి, కానీ ఇదే పొద్దున కాదు. అది తెల్లవారుజామున ఐదింటికి వెళ్లాల్సిన చోటు, అమ్మగారిని హోటల్లో పడుకోనిచ్చి మీరొక్కరే వెళ్లండి. పడవలు వచ్చి ఆగగానే గంపలు నేలమీద గుమ్మరిస్తారు. కోనాలు, చందువాలు, కానాగంతలు, నెత్తళ్లు, రొయ్యలు, దేని కుప్ప దానిదే. వేలంపాట మొదలైతే పాటగాడు అంకెలు ఎంత వేగంగా అంటాడంటే కొత్తవాళ్లకి మాట పట్టుబడదు. కొనేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. నోరు తెరవరు, గడ్డం కొంచెం పైకెత్తుతారు, పాట వాళ్లకి కొట్టేస్తాడు. వెంటనే ఐసు దిమ్మ చితక్కొట్టి గంపలో పోసి, ఆటో ఎక్కేస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు ఏమీ ఉండదు. డిసెంబరులో ఫరవాలేదు. అక్కడ తడి నేల జారుతుంది, చెప్పులు గట్టివి వేసుకోండి. నడిచేవాళ్లకి దారివ్వండి, తలమీద నలభై కిలోలు మోస్తున్న మనిషి ఆగలేడు.

ఇక చిన్నచిన్న విషయాలు. సిటీ బస్సులో వస్తే ఓల్డ్ హెడ్ పోస్టాఫీస్ బోర్డున్న బస్సెక్కండి, చివరి స్టాపులో దిగితే చాలు. కారు తేవద్దు, పెట్టే చోటు దొరక్క ఆ టెన్షన్‌లోనే పొద్దంతా పోతుంది. నేవీ, పోర్టు గేట్ల దగ్గర ఫోటోలు తీయకండి. బాత్రూముల విషయంలో వన్‌టౌన్ ఇబ్బందే, ఆడవాళ్లు గుడి ఆవరణలో ఉన్నప్పుడే చూసుకోవడం మంచిది. ఆదివారం రావద్దని నా సలహా. రద్దీ తక్కువే గానీ, కొట్లు మూసి, బళ్లు లేక, పని చేసే మనుషులు లేని వన్‌టౌన్ వన్‌టౌన్‌లా ఉండదు. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. పాత కట్టడాల్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థ వాళ్లు అప్పుడప్పుడు హెరిటేజ్ వాక్ పెడతారు, మీరున్న రోజుల్లో ఉంటే తప్పకుండా చేరండి, నేను చెప్పినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే మెట్లు మానేసి, నేరుగా అమ్మవారి గుడి దగ్గర దిగండి. ఆవిడ దర్శనం చేసుకుని నీడలో కూర్చుంటే, మీరు ఒక గంటలో కొండెక్కి దిగి రావచ్చు. తర్వాత ఇద్దరూ కలిసి మార్కెట్ సందులు తిరిగి, పదకొండుకల్లా ఆటో మాట్లాడుకుని బయటపడండి. ఆపైన డిసెంబరులో కూడా ఉక్క మొదలవుతుంది.