పోటీలకి బోటు ఇమ్మంటున్నారా? ముందు నీళ్ళ మీద ఖర్చెంతో అడగండి

మీ ప్రశ్న అర్థమైంది. వైజాగ్ తీరంలో జరగబోయే పెద్ద సెయిలింగ్ పోటీకి, అంటే తెరచాప పడవల పందేనికి, మీ నాన్నగారి ఫైబర్ బోటు అడుగుతున్నారు. జనాన్ని ఎక్కించుకుని పోటీ చూపించాలి, రిజిస్ట్రేషన్ కింద ముందు మీరే 5,000 కట్టాలి, అద్దె మాత్రం అంతా అయ్యాక ఇస్తారు. ఇవ్వొచ్చా అని అడిగారు.

ఈ షరతుల మీదైతే ఇవ్వొద్దండి. మాది జాలారిపేట, ఇంట్లో రెండు ఫైబర్ బోట్లున్నాయి, నాన్నా అన్నయ్యా వేటకెళ్తారు, నేను ఉద్యోగం చేసుకుంటూ సెలవు దొరికినప్పుడు వాళ్ళతో వెళ్తాను. కొన్నేళ్ళ క్రితం ఇలాంటి పోటీకే మా బోట్లు రెండూ పెట్టాం, పోటీ జరిగినన్ని రోజులూ నేను వాటి మీదే ఉన్నాను. దాన్ని నడిపిన కంపెనీ పేరు, పోటీ పేరు ఇక్కడ అనవసరం. పద్ధతి మాత్రం మీరు రాసినదానితో పొల్లు పోకుండా సరిపోతోంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చినప్పుడు హోటల్లో మీటింగ్ పెట్టారు. బోటుకింత రిజిస్ట్రేషన్, జెట్టీ దగ్గర ఆగినందుకు రోజుకింత, మీ లైఫ్ జాకెట్లు పనికిరావు మా దగ్గరే కొనాలి అని మళ్ళీ అదొక డబ్బు, చివరికి బోటుకి అంటించే స్టిక్కర్‌కి కూడా రెండు వందలు. మరోపక్క ఆర్కే బీచ్‌లో టెంట్ వేసి కుర్చీకి 1,500 చొప్పున టికెట్ పెట్టారు. పోటీ జరిగిందేమో ఒడ్డుకి దాదాపు రెండు కిలోమీటర్ల అవతల. ఆ కుర్చీలో కూర్చుంటే తెల్ల చుక్కలే కనబడతాయి తప్ప ఎవరు ముందున్నారో ఎవరు వెనకబడ్డారో తెలీదు, మైకులో చెప్పేవాళ్ళకి కూడా తెలీలేదు. తెన్నేటి పార్కు గట్టు మీద నిలబడితే పైసా ఖర్చు లేకుండా అంతే కనబడేది. టికెట్ కొన్నవాళ్ళు గొడవ పెట్టుకుంటే, దగ్గర్నుంచి చూపిస్తామని మనిషికి ఇంకో 2,500 తీసుకుని వాళ్ళని మా బోట్ల మీదకి పంపారు. ఆ డబ్బులో మాకు వాటా లేదు, రోజుకింత అని మాట్లాడుకున్న అద్దే.

మా ఫైబర్ బోటు మీద దాన్ని నడిపే సరంగు, సాయం ఉండే కలాసీ కాకుండా ఆరుగురికి మించి ఎక్కించడం మా నాన్నకి ఇష్టం ఉండదు. వాళ్ళు తొమ్మిది మందిని పంపారు, అందులో చంటిబిడ్డతో ఒకావిడ. ముగ్గురు దిగితే గాని ఇంజన్ స్టార్ట్ చెయ్యనని నాన్న కూర్చుండిపోయాడు. వాకీటాకీ పట్టుకున్న కుర్రాడు కాంట్రాక్ట్ రద్దు చేయిస్తానని కేకలేశాడు, నాన్న కదల్లేదు. పావుగంట తర్వాత ముగ్గుర్ని దింపారు. ఆ రోజు నాన్న అలా కూర్చోకపోతే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ భయమే, ఎందుకంటే మధ్యాహ్నానికి సముద్రం అలా లేచింది.

దాని సంగతి కూడా చెప్పాలి. పోటీ పెట్టింది మార్చిలో. ఆ నెలల్లో మన దగ్గర పొద్దున్నే గాలి పల్చగా ఉంటుంది, పదీ పదకొండు దాటాక నైరుతి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి కెరటాల మీద నురగ కనబడుతుంది. నీరు ఉత్తరానికి, అంటే భీమిలి వైపు లాగుతూ ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇది తిరగబడి దక్షిణానికి లాగుతుంది. మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు. పోటీ తొమ్మిదింటికి అన్నారు, బోట్లని ఆరింటికల్లా రమ్మన్నారు, ముఖ్య అతిథి పదకొండున్నర దాటాక వచ్చాడు. జెండా ఊపి, ఫోటోలు దిగి, ఆయన వెళ్ళేసరికి గాలి పూర్తిగా లేచిపోయింది. అప్పుడు దింపారండి చిన్నపిల్లల్ని నీళ్ళలోకి. ఆప్టిమిస్ట్ అంటారు ఆ పడవని, ఏడడుగుల పైచిలుకు ఉంటుంది, పదిహేనేళ్ళ లోపు పిల్లలు ఒక్కొక్కరే నడుపుతారు. పొద్దున్నుంచి ఎండలో కూర్చుని ఉన్నారు వాళ్ళు, తిండి పొట్లాలు వచ్చాయి గాని మంచినీళ్ళు అయిపోయాయి.

పోటీ దారి చూపించడానికి నీళ్ళ మీద తేలే ఆరెంజ్ బోయలు ఉంటాయి కదా, వాటిని వేసే పని మా రెండో బోటుకి ఇచ్చారు. ఇసక బస్తా కట్టి, సరిగ్గా లోతుకి సరిపడా తాడు కట్టి పంపారు. లంగరు పట్టాలంటే లోతుకి మూడింతలైనా తాడు వదలాలి, కెరటం ఉంటే అయిదింతలు కావాలి. అన్నయ్య ముందు రోజు సాయంత్రమే చెప్పాడు, మా దగ్గర తాళ్ళున్నాయి, ఇనప లంగర్లున్నాయి, తీసుకోండి, డబ్బులు కూడా వద్దు అని. విన్నారు, సరేనన్నారు, తాడు మాత్రం మార్చలేదు. గాలి లేవగానే బోయలు బస్తాలతో సహా ఉత్తరానికి జరిగిపోయాయి. పిల్లలు మలుపు తిరగాల్సిన చోటు వాళ్ళ కంటే వేగంగా పోతోంది. ఇద్దరు ముగ్గురు బోల్తాపడ్డారు. రెస్క్యూకి పెట్టిన రబ్బరు బోట్లలో ఒకటి వీఐపీలని తిప్పడానికి వెళ్ళింది, ఇంకోదానికి ఇంజన్ మొరాయించింది. జనాన్ని కూర్చోబెట్టుకున్న మా బోటే వెళ్ళి ఒక పాపని నీళ్ళలోంచి పైకి లాగింది. పదకొండేళ్ళుంటాయేమో, పెదాలు నీలంగా ఉన్నాయి, వణుకుతూ తన పడవ వదిలేయొద్దని ఒకటే ఏడుపు. నాన్న తన తువ్వాలు కప్పి, ఆ చిన్న పడవకి తాడేసి నెమ్మదిగా లాక్కొచ్చాడు. ఆ పాప తల్లిదండ్రులు ఎంట్రీ ఫీజు ఎంత కట్టారో ఒడ్డున వాళ్ళే చెప్పారు, మా ఇంట్లో నెల ఖర్చు కంటే ఎక్కువ.

వలల నష్టం వేరే. ఫలానా ప్రాంతంలోకి రాకూడదని ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి మైకులో చెప్పారు. అప్పటికే వల వేసి వచ్చినవాళ్ళు ఉన్నారు. పొద్దున్నే రబ్బరు బోట్ల ఫ్యాన్లకి చిక్కుకుని రెండిళ్ళవాళ్ళ వలలు తెగిపోయాయి. ఎవరూ బాధ్యత తీసుకోలేదు. పైగా శని ఆదివారాలు, చేపకి రేటు పలికే రోజులు.

అద్దె సంగతికొస్తే, చివరి రోజు సగం చేతిలో పెట్టారు. మిగతాది వచ్చే వారం, వచ్చే నెల అంటూ తిప్పారు. ఆఖరికి డీజిల్‌కి సరైన బిల్లు లేదని కొంత కోసి ఇచ్చారు. మత్స్యశాఖ మనకి డీజిల్ మీద లీటరుకి 9 రూపాయలు సబ్సిడీ ఇచ్చేది వేట కోసం. పోటీకి తిప్పినదంతా బయట బంకులో పూర్తి రేటుకి కొన్నదే.

అన్నీ చూశాక నాకు ఒకటి స్పష్టంగా అర్థమైంది. డబ్బు లేక ఇలా జరగలేదు. స్టేజీకి, లైట్లకి, బాణసంచాకి, హోటల్ గదులకి ఎంతైనా ఉంది. నీళ్ళ మీద పెట్టాల్సిన తాడుకి, లంగరుకి, రెస్క్యూ బోటుకి, సముద్రం తెలిసిన మనిషికి మాత్రం లేదు. సెయిలింగ్ అనేది నీళ్ళ మీద జరిగే ఆట. నీళ్ళ మీద ఖర్చు పెట్టని వాళ్ళు ఎంత పెద్ద పేరు పెట్టుకుని వచ్చినా ఆ ఆట జరపలేరు.

నాకు ఆ ఆటంటే ఇష్టం, అందుకే ఇంత బాధ. మా తాతలు తెప్పకి తెరచాప కట్టుకుని వెళ్ళినవాళ్ళే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సెయిలింగ్‌లో వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్‌ది మధ్యప్రదేశ్, రైతు కుటుంబం, భోపాల్ చెరువులో నేర్చుకుంది. సముద్రమే లేని రాష్ట్రం శిక్షణ మీద ఖర్చు పెడితే అది సాధ్యమైంది. మన జాలారిపేట పిల్లలకి పడవ కొత్త కాదు, గాలి కొత్త కాదు, ఒక్కరినైనా ఆ పోటీలో నీళ్ళలోకి దింపుతారేమోనని చూశాను. కుర్చీలు మొయ్యడానికి పిలిచారు.

ఇది మన ఊరికే వచ్చిన కష్టం కాదు లెండి. 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికాస్ కప్ అనే పేరున్న సెయిలింగ్ పోటీ పెట్టినప్పుడు పదికి పైగా జట్లు వస్తాయని మొదట్లో లెక్కలేశారు, పడవల ఖర్చు విపరీతమై చివరికి కప్పు కోసం సవాలు చేసిన జట్లు మూడే. కేరళలో నెహ్రూ ట్రోఫీ పడవ పందెం చూడండి, 1952 నుంచి వస్తున్న పేరున్న పోటీ. 2024లో ఆగస్టు 10న జరగాల్సింది వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడిన విషాదం వల్ల సెప్టెంబర్ 28కి వెళ్ళింది. వాయిదాకి కారణం న్యాయమైనదే, కానీ ఒక్కో చుండన్ వళ్ళం, అంటే పాము పడవ మీద వంద మంది దాకా తెడ్డు వేస్తారు, అన్నాళ్ళు వాళ్ళని క్యాంపులో పెట్టి తిండి పెట్టిన ఖర్చు క్లబ్బుల నెత్తిన పడింది. ఎక్కడైనా పడవ ఉన్నవాడి మీదకే వస్తుంది భారం.

అలాగని పెద్ద పోటీలన్నీ ఇంతే అని నేను అనను. ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి హోబర్ట్ దాకా వెళ్ళే సెయిలింగ్ రేసు ఏటా డిసెంబర్ 26న మొదలవుతుంది, 1945లో పుట్టిన పోటీ అది. ఏ గీత దాటకూడదో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకానో మ్యాపుతో సహా ముందే చెప్తారు, సొంత పడవలున్నవాళ్ళు వాటి మీదే వచ్చి చూసి వెళ్తారు. అంత దూరం ఎందుకు, మన నేవీ విన్యాసాలే చూడండి. ఆర్కే బీచ్‌లో జనం ఉచితంగా చూస్తారు, మత్స్యకారులకి ఎటు రాకూడదో ముందే కబురొస్తుంది. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకి యాభై దేశాల దాకా వచ్చాయి, అంత పెద్దది కూడా పద్ధతిగా జరిగింది. ఆ రోజుల్లో వేట పోయిందని మాకు ఇబ్బంది లేకపోలేదు, కానీ ఏం జరుగుతుందో ముందే తెలుసు, మా బోట్లు అడ్డం పెట్టుకుని ఎవరూ టికెట్లు అమ్ముకోలేదు.

ఇక మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది. నాన్నగారి బోటు లైసెన్స్ వేటకి అయితే, డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించడానికి అది చెల్లదు. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది, కేసు మాత్రం బోటు యజమాని మీదా సరంగు మీదా పడుతుంది. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది కదా, 70 మందికి పైగా ఎక్కితే 50 మంది దాకా తిరిగి రాలేదు. అంతా మేం చూసుకుంటాం అని నోటితో చెప్పినవాళ్ళు అలాంటి రోజున పక్కన ఉండరు. కాబట్టి జనాన్ని ఎక్కించే పని ఎంత ఇస్తామన్నా ఒప్పుకోకండి. బోయలు వేసే పనో, సామాన్లు చేరవేసే పనో అయితే ఆలోచించొచ్చు, అదీ మత్స్యశాఖ ఆఫీసులో అడిగాకే.

అప్పుడు కూడా ముందు వాళ్ళని నోటీస్ ఆఫ్ రేస్ (పోటీ ప్రకటన), సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ (పోటీ ఎలా నడుస్తుందో చెప్పే సూచనలు) చూపించమనండి. నియమాల ప్రకారం జరిగే ఏ సెయిలింగ్ పోటీకైనా ఆ రెండు కాగితాలూ ఉంటాయి, లేవంటే అక్కడితో మాట్లాడటం ఆపేయండి. నీళ్ళ మీద పోటీ నడిపించే రేస్ ఆఫీసర్ ఎవరు, గాలి ఎక్కువైతే ఆపే అధికారం ఆయనకుందా, లేక ముఖ్య అతిథి కోసం ఆగాలా అని అడగండి. పిల్లల పడవలు పదింటికి సుమారు ఒకటైనా రెస్క్యూ బోటు ఉండాలి, వాటిలో ఎవరినీ షికారు తిప్పకూడదు. పోర్టు, నేవీ, కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసుల అనుమతులు కాపీలతో సహా అడగండి, మన తీరంలో ఇవి లేకుండా అడుగు కదపడం ప్రమాదం. డీజిల్ రోజూ వాళ్ళే కొట్టించాలి, అద్దె సగం ముందు రోజే అకౌంట్‌లో పడాలి, వేట పోయినందుకు వల తెగినందుకు ఎవరు ఇస్తారో కాగితం మీద రాయాలి. ఒక్కరే వెళ్ళి అడగకండి, మీ పేటలో సంఘం ఉంటే సంఘం తరఫునే మాట్లాడండి. ఒక బోటు మానేస్తే పక్క బోటుని పట్టుకుంటారు, పాతిక బోట్లు కలిసి అడిగితే మాత్రం వాళ్ళు కూర్చుని మాట్లాడాల్సిందే.

పోటీ ఏప్రిల్ 15కీ జూన్ 14కీ మధ్య పడితే వేట నిషేధం కాబట్టి బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది, వేట నష్టం లెక్క మారుతుంది, లైసెన్స్ సంగతి మాత్రం మారదు. వాళ్ళిచ్చిన ఒప్పందం కాగితం ఉంటే పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి, ఎక్కడ మెలిక ఉందో చదివి చెప్తాను. ఆలోగా ఆ 5,000 మాత్రం కట్టకండి.