లక్ష్యమేంటో తెలియకుండా చదివితే ఆ చదువు వృథానా?

హన్మకొండలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. కాలేజీలో నోటుబుక్కు మొదటి పేజీలో 'నా లక్ష్యం' రాయమన్నారట. క్లాసులో అందరూ ఏదో ఒకటి రాసేశారు, నాకే ఏమీ తోచడం లేదు, లక్ష్యం లేకుండా చదివే చదువుకు అర్థం ఉందా అని అడిగాడు.

తమ్మీ, ఆ పేజీ నేనూ రాశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఎనిమిదో తరగతిలో డాక్టర్ అని, ఇంటర్లో ఇంజనీర్ అని, హైదరాబాద్ అశోక్‌నగర్ రూములో ఉన్నప్పుడు గ్రూప్-2 ఆఫీసర్ అని. మూడింటిలో ఒక్కటీ కాలేదు. ఇంజనీరింగ్ పట్టా ఉంది గానీ ఆ పని ఒక్కరోజు కూడా చేయలేదు. ఇప్పుడు నర్సంపేట వైపు ఒక మండల కేంద్రంలో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. ఇలాంటివాడి మాట వినాలా వద్దా నువ్వే చూసుకో. చదువు మాత్రం నాకు వృథా పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే 2004కు పోవాలి.

అప్పుడు మాకు ఎకరంన్నర మిరప ఉండేది. ఫిబ్రవరి చివర్లో ఊళ్లో నలుగురు రైతులు కలిసి ఒక డీసీఎం మాట్లాడుకున్నారు. నాయిన 14 బస్తాలు వేశాడు, తోడుగా నన్నూ ఎక్కించాడు. రాత్రి ఎనుమాముల మార్కెట్‌కు చేరాం. బస్తాల మీదే పడుకున్నాం. మిర్చి ఘాటుకు తెల్లార్లూ తుమ్ములే. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, అయింది. ఆ ధర విని నాకు సంబరమైంది గానీ నాయిన మొహంలో ఏ మార్పూ లేదు. జెండా పాట ధర ఆ రోజు వచ్చిన మేలు సరుకుకే, అది అందరికీ రాదని ఆయనకు తెలుసు. ఖరీదుదార్లు వరసగా వచ్చి బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి, నలిపి చూసి, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఉందన్నారు. మా సరుకు క్వింటాలుకు 2,600కు తెగింది. కాంటా అయ్యింది, 5 క్వింటాళ్ల 62 కిలోలు తేలింది.

కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమస్తా తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క కాగితం, రాసి ఇచ్చాడు. నాయినకు చదవడం రాదు, రాత్రి బడిలో నేర్చుకున్న సంతకం మాత్రం వచ్చు. తక్‌పట్టీని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "పద్నాలుగు వేల ఆరు నూర్లు దాటాలె గదా సేఠ్" అన్నాడు మెల్లగా. గుమస్తా తలెత్తకుండానే "కమీషన్, హమాలీ పోవాలె గదనే" అన్నాడు. నాయిన ఇంకేం అనలేదు.

నేను కాగితం తీసుకుని చూశాను. కమీషను, హమాలీ కింద వేరే వరసలో ఉన్నాయి. పైన మొత్తం దగ్గరే 14,162 అని ఉంది. వెనక వైపు వేసి చూస్తే 5.62ను 2,600తో హెచ్చవేస్తే 14,612 వచ్చింది. ఆరు, ఒకటి తారుమారైనయ్. కావాలని రాశాడా, నిద్రమత్తులో రాశాడా ఇప్పటికీ చెప్పలేను. వేలు పెట్టి చూపించాను. గుమస్తా క్యాలిక్యులేటర్ కొట్టి, ఏమీ మాట్లాడకుండా దిద్ది ఇచ్చాడు. 450 రూపాయలు. అప్పట్లో దాదాపు ఒక డీఏపీ బస్తా ధర.

ఇంటికొచ్చాక మా అమ్మ ఈ సంగతి వాడకట్టంతా చెప్పుకుంది, పిల్లగాడు చదువుకున్నడు కాబట్టి దొరికిందని. నాకు మాత్రం ఇంకొకటి మనసులో ఉండిపోయింది. లెక్క నాకంటే ముందు నాయినకు వచ్చింది. కిలోకు 26, ఐదు క్వింటాళ్లకు 13 వేలు, పైన 62 కిలోలకు పదహారు నూర్ల చిల్లర. ఇదంతా ఆయన నిలబడే నోటితో కట్టేశాడు. తప్పెక్కడుందో కాగితం మీద చూపించలేక ఊరుకున్నాడు, అంతే. తెలివి ఆయనదే, రుజువు నాది. చదువంటే నాకు మొదట అర్థమైంది ఇదే. నీకు తెలిసినదాన్ని ఎదుటివాడు కాదనలేనట్టు చూపించగలగడం. దీనికి నోటుబుక్కు మొదటి పేజీతో పని లేదు.

(ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఆ తర్వాత రెండేళ్లు నాయిన ప్రతి మార్కెట్‌కూ నన్నే తోలుకుపోయాడు. లెక్కలు వచ్చినందుకు లెక్కల క్లాసు పోగొట్టుకున్నాను. మా లెక్కల సారు ఒకరోజు ఇంటికొచ్చి మరీ గొడవ పెట్టుకున్నాడు.)

ఇక లక్ష్యం సంగతి. ఎనిమిదిలో డాక్టర్ అని ఎందుకు రాశానో తెలుసా? మా ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీని చూసి. ఆయనకు బండి ఉంది, తోలు సంచి ఉంది, ఎవరింటికి పోయినా కుర్చీ వేసేవాళ్లు. మా ఊళ్లో మేం చూసిన కొలువులే నాలుగు: బడి సారు, ఆర్టీసీ డ్రైవర్, కానిస్టేబుల్, ఆర్‌ఎంపీ. చూసినవాటిలోంచే కోరుకుంటాం కదా. ఇంటర్‌కు నయీంనగర్ వచ్చాక కాజీపేట బస్సులో పోతూ ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ) గేటును రోజూ చూసేవాణ్ని. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ అది, అప్పటికే ఎన్ఐటీ అయింది కూడా. చాలా రోజులు అది ఏదో సర్కారు ఆఫీసు అనుకున్నాను. దేశమంతా కొట్లాడుకునే సీట్లు మా జిల్లాలోనే ఉన్నాయని నాకు చెప్పినవాళ్లు లేరు. మొదటిసారి లోపలికి పోయింది బీటెక్‌లో, వాళ్ల టెక్నికల్ ఫెస్ట్ టెక్నోజియాన్ చూడ్డానికి. అప్పటికి ఆలస్యమైపోయింది.

అందుకే లక్ష్యం ముందు పెట్టుకో, తర్వాత చదువు అనే సలహా నాకు తలకిందులుగా కనిపిస్తుంది. మాలావత్ పూర్ణ సంగతే చూడు. నిజామాబాద్ జిల్లా పాకాల, కూలి చేసుకునే తల్లిదండ్రులు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఊళ్లో ఉన్నప్పుడు ఆ పిల్ల ఎవరెస్ట్ ఎక్కాలని రాసుకుని ఉంటుందా? తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చేరింది, అక్కడినుంచి భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్పారు, ఆ తర్వాతే పెద్ద కొండ కనిపించింది. మా నర్సంపేట పక్కన లక్నేపల్లిలో పుట్టిన పీవీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. ఆ బడుల గురించి ఎప్పుడూ ర్యాంకుల లెక్కే మాట్లాడతారు. ఊరి పిల్లల కళ్లకు నాలుగు కొలువుల కంటే ఎక్కువ చూపించడమే వాటి అసలు పని అని నాకనిపిస్తుంది.

ఇంటర్ గురించి ఎక్కువ చెప్పను, నువ్వు అందులోనే ఉన్నావు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. రెండేళ్లలో ఎవరూ నన్ను 'ఎందుకు' అని అడగలేదు, నేనూ అడగలేదు. ఎంసెట్‌లో వేలల్లో ర్యాంకు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ. ల్యాబులో పరికరాలు బీరువాలో ఉండేవి, తాళం సారు దగ్గర ఉండేది. చివర్లో రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని సర్టిఫికెట్లు ఆపారు. నాయిన అప్పు చేసి కట్టి విడిపించాడు. ఆ నాలుగేళ్లలో ఈసీఈ ఎంత నేర్చుకున్నావంటే చెప్పడానికి సిగ్గేస్తుంది.

కానీ ఆ ఏళ్లలోనే, క్లాసు బయట, ఇంకో చదువు దొరికింది. 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, 42 రోజులు. కాలేజీలు లేవు. కాకతీయ యూనివర్సిటీ క్రాస్‌రోడ్డు దగ్గర చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లం. ఎవరో సీనియర్ స్థానికుల కొలువుల గురించిన 610 జీవో జిరాక్స్ కాపీ తెచ్చాడు. 1985 నాటిది. అప్పటిదాకా ఆ నంబరును నినాదంలో అరవడమే గానీ కాగితం చూడలేదు. మొదటిసారి చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ సీనియర్ పేరా పేరా విడగొట్టి చెప్పాడు. రాష్ట్రపతి ఉత్తర్వు అంటే ఏంటి, ఐదో జోన్ అంటే మన వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, ఖమ్మం అని, ఆ జోన్ కొలువులో బయటివాళ్లను పెడితే ఏం చేయాలని ఆ జీవో చెప్తుందో, ఏం జరగలేదో. నాకు తక్‌పట్టీ గుర్తొచ్చింది. అన్యాయం జరిగిందని ఊరందరికీ తెలుసు, ఏ లైన్లో జరిగిందో చదివి చూపించగలిగినవాళ్లు కొందరే. ఆ రోజు నుంచి కాగితం అంటే నాకు భయం పోయింది.

గ్రూప్-2 పిచ్చి కూడా అక్కడినుంచే పట్టుకుంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ, ముగ్గురికి ఒక రూము, 2016 నవంబరులో పరీక్ష. రాలేదు. ఇంకో నోటిఫికేషన్ కోసం ఆగుదామా అని చాలా టెన్షన్ పడ్డాను. నాయిన ఫోన్ చేసి "వచ్చెయ్ బిడ్డా, ఈడ గూడ పనున్నది" అన్నాడు. వచ్చేశాను.

సెంటర్ పెట్టాక తెలిసింది, నేను చేసేది మళ్లీ తక్‌పట్టీ పనేనని. ఆదాయ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే స్కాలర్‌షిప్ ఆగుతుంది. పాస్‌బుక్‌లో సర్వే నంబరు పక్కన బై నంబరు తప్పు పడితే పంట అమ్ముకునేటప్పుడు గొడవ. వచ్చినవాళ్లకు కాగితం చేతికిచ్చి పంపను, చదివి వినిపిస్తాను. దీనివల్ల నా దుకాణం దగ్గర లైను పెరుగుతుంది, పక్క సెంటర్ వాడికి గిరాకీ పోతుంది, అది వేరే విషయం.

2019లో ఒక అమ్మాయి పదో తరగతి మెమో జిరాక్స్ కోసం వచ్చింది. జిల్లా పరిషత్ బడి. 9.5 జీపీఏ. ఎక్కడ చేరుతున్నావంటే మండలంలోనే ఇంటర్ అంది. బాసర ట్రిపుల్ ఐటీ పేరు వాళ్లింట్లో ఎవరూ వినలేదు. పదో తరగతి మార్కుల మీదే సీటని, ఆరేళ్లు అక్కడే ఉండి చదవాలని, సర్కారు బడిలో చదివితే జీపీఏకు 0.4 కలుపుతారని చెప్పాను. వాళ్ల నాయిన పత్తి కూలికి పోతాడు, "గంత దూరం ఆడపిల్లనా" అన్నాడు. రెండు రోజులు ఆలోచించుకుని మళ్లీ వచ్చారు. సీటు వచ్చింది.

మూడేళ్ల తర్వాత సెలవుల్లో ఆదాయ సర్టిఫికెట్‌కు వచ్చింది. ఏం బ్రాంచి తీసుకున్నావమ్మా, కంప్యూటరేనా అన్నాను. "పోయినప్పుడు గదే అనుకున్న అన్నా. ల్యాబుల మట్టి పరీక్ష చేసుడు జూసినంక సివిల్ తీసుకున్న. మట్టిని జూసి అది ఎంత బరువు మోస్తదో చెప్పొచ్చన్నా" అంది. పక్కన వాళ్ల నాయిన నవ్వుతున్నాడు. జన్మంతా మట్టిలో పని చేసినవాడికి బిడ్డ మట్టి గురించి చెబుతుంటే వచ్చిన నవ్వు అది. ఆ అమ్మాయి పదో తరగతిలో 'సివిల్ ఇంజనీర్' అని రాసుకుంటే నేను నమ్మేవాణ్ని కాదు. అప్పటికి ఆ ల్యాబు చూడలేదు కదా.

కాబట్టి తమ్మీ, ఆ పేజీని ఖాళీగా వదిలెయ్. సారు ఊరుకోకపోతే పెన్సిల్‌తో ఏదో ఒకటి రాయి. ఈ ఏడాది నీకు ఏ సబ్జెక్టు చదువుతుంటే టైమ్ తెలియడం లేదో అది మాత్రం గుర్తుపెట్టుకో. ఏదీ లేకపోతే ఏది అర్థమయ్యేలా ఇంకొకరికి చెప్పగలుగుతున్నావో చూసుకో. నువ్వు హన్మకొండలోనే ఉన్నావు, అది చిన్న అదృష్టం కాదు. ఒక ఆదివారం యూనివర్సిటీలోనో, ఎన్ఐటీ ఫెస్ట్ అప్పుడో, పాలిటెక్నిక్‌లోనో తిరుగు. సీనియర్లను పట్టుకుని ర్యాంకు ఎంత అని కాదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారని అడుగు. ఆ జవాబులు ఏ బ్రోచర్‌లోనూ ఉండవు.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఎప్‌సెట్ (మా కాలపు ఎంసెట్) అయినా డిగ్రీ సీట్ల దోస్త్ అయినా వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కొందరు 'మేమే పెట్టేస్తాం, ఓటీపీ చెప్పు చాలు' అంటూ ఫోన్లు చేస్తారు. నా సెంటర్‌కు ప్రతి ఏడాదీ ఏడుస్తూ వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లకు తెలియకుండానే ఎక్కడో సీటు వచ్చి కూర్చుంటుంది. ఓటీపీ వచ్చే ఫోన్ నీ దగ్గరే పెట్టుకో. ఆప్షన్ల లిస్టు నువ్వే టైప్ చెయ్, ఫ్రీజ్ కొట్టే ముందు ప్రింట్ తీసి మీ అమ్మానాయినలకు ఒక్కో లైను చదివి వినిపించు. ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే కింద అడుగు, రాత్రి దుకాణం మూసేశాక చూసి రాస్తాను.