ఇంట్లో అమృతధార ఎలా చేసుకోవాలి? కడుపునొప్పికి ఎన్ని చుక్కలు వేసుకోవచ్చు?

చేయడం చాలా తేలిక. ఎన్ని చుక్కలన్న దానికి మాత్రం నా జవాబు మీకు నచ్చకపోవచ్చు.

వాము పువ్వు (థైమాల్), పుదీనా పువ్వు (మెంథాల్), పచ్చ కర్పూరం. పేరుకే పువ్వులు, నిజానికి పలుకులు. మూడూ సమానంగా, తూకం ప్రకారం. తలా 5 గ్రాములు చాలు, ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. చెంచాలతో కొలవకండి. పుదీనా పువ్వు పొడుగు సూదుల్లా ఉంటుంది కాబట్టి చెంచాలో సగం గాలే. పొడిగా ఉన్న గాజు సీసాలో మూడూ వేసి, బిరడా బిగించి ఊపండి. నీళ్లు వద్దు, పొయ్యి వద్దు. కాసేపటికి పలుకుల అంచులు చెమ్మగిల్లుతాయి, తర్వాత ముద్ద కడతాయి, చివరికి మొత్తం నూనెలా అడుగుకు దిగుతుంది. విడివిడిగా అయితే పుదీనా పువ్వు 42 డిగ్రీల దగ్గర, వాము పువ్వు 50 దగ్గర, కర్పూరం 175 దాటాక గానీ కరగవు. కలిపితే ఒకదాని అల్లికను ఇంకొకటి చెడగొట్టి మామూలు గది వేడికే కరిగిపోతాయి. ఇందులో మహిమేమీ లేదు.

చెడేది ఎక్కడంటే, హారతి కర్పూరం దగ్గర. అది తినడానికి చేసింది కాదు, పైగా బిళ్ల కట్టడానికి ఏదైనా కలిపి ఉంటే తెల్లటి మడ్డి మిగులుతుంది. సీసాలో తడి ఉంటే మసకబారుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే డబ్బా మెత్తబడొచ్చు. రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్‌ని మూతలాగా వాడితే రబ్బరు ఉబ్బి జిగురవుతుంది. చలికాలంలో సూదులు తేలితే సాధారణంగా పుదీనా పువ్వు ఎక్కువ పడినట్టే. సీసాను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచండి. మంట దగ్గరికి తీసుకెళ్లొద్దు, అంటుకుంటుంది.

ఇదీ జిందా తిలిస్మాతూ ఒకటే అని కొందరు వాదిస్తారు. ఒకటి కాదు. 1920 నుంచి హైదరాబాదులో తయారవుతున్న ఆ యునానీ మందులో ప్రధానమైనది నీలగిరి తైలం.

ఇక చుక్కల సంగతి. పాతవాళ్లు బత్తాసు మీద రెండు మూడు చుక్కలు వేసి ఇచ్చేవారు. నేను లోపలికి వద్దంటాను, పిల్లలకైతే అసలే వద్దంటాను. ఈ నూనెలో మూడో వంతు కర్పూరమే. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు పిల్లాడు గుటుక్కున మింగాడంటే ఒకటిన్నర గ్రాముల పైగా కర్పూరం లోపలికి పోయినట్టు. చిన్నపిల్లల్లో ఒక్క గ్రామే ప్రాణం తీసిన సందర్భాలు ఉన్నాయి. ముందు సూచనేమీ లేకుండానే ఫిట్స్ వస్తాయి. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు కూడా దీని జోలికి పోవద్దు.

"మూలికే కదా, ఏమవుతుంది?" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వాములో నూనె నూటికి 2 నుంచి 4 పాళ్లు. అందులో దాదాపు సగం థైమాల్, అదే వాము పువ్వు. లెక్కేస్తే సీసాలో వేసిన ఆ 5 గ్రాముల వాము పువ్వు ఇంచుమించు 300 గ్రాముల వాముకు సమానం. ఒక్క పూటలో అంత వాము ఎవరైనా నములుతారా? పైగా బజార్లో దొరికే వాము పువ్వు చాలామటుకు ఫ్యాక్టరీలో రసాయనాలతో తయారైనదే.

పైకి రాయడానికైతే భేషుగ్గా పనికొస్తుంది. తలనొప్పికి ఒక చుక్కను అర టీస్పూను కొబ్బరినూనెలో కలిపి కణతలకు రాయండి. విడిగా రాస్తే చర్మం మండుతుంది. కంటికి దూరంగా ఉంచండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ముక్కు తెరుచుకున్నట్టు అనిపించడం నిజమే గానీ, అది పుదీనా పువ్వు నరాలకు చల్లదనం తెలిపి చేసే మాయ. లోపలి వాపు అలాగే ఉంటుంది.

మీ అసలు బాధ కడుపుబ్బరమైతే సీసా పక్కన పెట్టి పోపుల డబ్బా తీయండి. అర టీస్పూను వాము, రెండు ఉప్పు రవ్వలు వేసి నమిలి గోరువెచ్చని నీళ్లు తాగండి. కుడివైపు కింద పొడుస్తూ జ్వరం కూడా ఉంటే మాత్రం వాముతో కాలయాపన చేయొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. కర్నూలు వామైనా, ఇంకెక్కడి వామైనా కొనేముందు అరచేతిలో నలపండి. ఘాటు ముక్కుకు తగలాలి, నాలుక మీద చురుక్కుమనాలి. పొడి మాత్రం కొనకండి, ఘాటు సగం దారిలోనే పోతుంది. ఎర్రగా వేయించినా అంతే.

నమలలేనివాళ్లకు వాము నీళ్లు పెట్టండి. చాలామంది వాటిని పావుగంట కుతకుతలాడించి రంగొచ్చిందని మురిసిపోతారు, ఈలోపు మందంతా వంటింటి గాలిలో కలిసిపోతుంది. ఒక టీస్పూను వామును కచ్చాపచ్చాగా దంచండి. దించిన మరుగునీళ్లు గ్లాసుడు పోసి పది నిమిషాలు మూత పెట్టండి. మూత లోపలివైపు పట్టిన చుక్కల్ని కూడా గ్లాసులోకే వంచండి, నూనె వాటిలోనూ ఉంటుంది.