నికోటిన్ తక్కువున్న సిగరెట్లకు మారితే తమ్ముడి నొప్పి పెరుగుతుందా?

ప్రశ్న: మా తమ్ముడికి 39 ఏళ్లు, న్యూజెర్సీలో ఉంటాడు. కారు ప్రమాదంలో నడుం దెబ్బతింది. నొప్పికని ఇచ్చిన ఆక్సికోడోన్ మాత్రలకు బానిసయ్యాడు. ఆ వ్యసనం నుంచి బయటపడేందుకు ఇచ్చే బుప్రెనార్ఫిన్ మందు మీద రెండేళ్లుగా నిలదొక్కుకున్నాడు. సిగరెట్లు మాత్రం రోజుకో పెట్టె. ‘కాలిస్తేనే నడుం కాస్త వదులవుతుందక్కా’ అంటాడు. ఇప్పుడు నికోటిన్ బాగా తక్కువున్న సిగరెట్లకు మారతానంటున్నాడు. నొప్పి పెరిగి మళ్లీ మాత్రల జోలికి పోతాడేమోనని నా భయం. – ఒక అక్క, గుంటూరు

జవాబు: అమ్మా, మీ తమ్ముడు సాకు చెప్పడం లేదు. నికోటిన్ నొప్పిని కాసేపు నిజంగానే అణుస్తుంది. కానీ రెండు గంటల్లో రక్తంలో అది సగానికి పడిపోతుంది. చిరాకు మొదలై, ఉన్న నొప్పే ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. ఇంకోటి వెలిగిస్తాడు, హాయిగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పొగ వల్ల వెన్నుపూసల మధ్య డిస్కులకు పోషణ సరిగా అందదు.

మీ తమ్ముడు మారతానంటున్న సిగరెట్లు పాత ‘లైట్’ సిగరెట్లలాంటివి కావు. నా దగ్గరికొచ్చే ఒకాయన ఆ లైట్ సిగరెట్ ఫిల్టర్ చుట్టూ పొగలో గాలి కలపడానికి ఉన్న సన్నటి రంధ్రాలను రెండు వేళ్లతో మూసి, బుగ్గలు లోపలికి పోయేలా లాగేవాడు. ఆయనకు అందాల్సిన నికోటిన్ అందేది. వీటిలో ఆకులోనే అది చాలా తక్కువ, ఎంత లాగినా పెద్దగా రాదు. అమెరికాలో 775 మందితో 12 వారాలు పరీక్షించారు. వాళ్లలో మీ తమ్ముడిలా ఓపియాయిడ్ల (ఆక్సికోడోన్ లాంటి నొప్పి మందుల) వ్యసనానికి చికిత్స పొందుతున్నవాళ్లూ ఉన్నారు. మామూలు సిగరెట్‌లో గ్రాము పొగాకుకు 15.8 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటే, వీటిలో 0.4. ఇవి కాల్చినవాళ్లు రోజుకు కాల్చే సంఖ్యే తగ్గింది. అక్కడి మందులు, పొగాకు నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2025 జనవరిలో అన్ని సిగరెట్లకూ గ్రాముకు 0.7 మిల్లీగ్రాముల పరిమితి పెడదామని ప్రతిపాదించింది.

అయితే పొగ పొగే. తారూ, కార్బన్ మోనాక్సైడూ ఎక్కడికీ పోవు. ఇది పూర్తిగా మానడానికి ఒక మెట్టు అనుకుంటేనే నేను సరేనంటాను.

మీ భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. మొదటి కొన్ని రోజులు నొప్పి ఎక్కువనిపించవచ్చు. అందుకే మారే ముందే బుప్రెనార్ఫిన్ ఇచ్చే డాక్టరుతో చెప్పాలి. ఆ మందు మోతాదును సొంతంగా ముట్టుకోకూడదు. చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ గానీ, చప్పరించే నికోటిన్ బిళ్ల (లాజెంజ్) గానీ తోడుంటే ఆ రోజులు గట్టెక్కుతాయి. పొద్దున లేచాక ఎన్ని నిమిషాలకు మొదటి సిగరెట్ వెలిగిస్తున్నాడో ఫోన్‌లో అడిగి కనుక్కోండి. అరగంటలోపైతే 4 మిల్లీగ్రాముల లాజెంజ్, ఆ తర్వాతైతే 2 సరిపోతుంది.