ఇంటి కోసం దాచిన సొమ్మును చికిత్సకు వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 31. గర్భాశయం లోపలి పొరలో తొలిదశ క్యాన్సర్ ఉందని తేలింది. గర్భసంచి తీయకుండా హార్మోన్ చికిత్స చేసి, తగ్గాక పిల్లల కోసం ప్రయత్నించవచ్చని డాక్టర్లు అంటున్నారు. ఇల్లు కొనడానికి నేనూ మావారూ కూడబెట్టిన సొమ్మును దీనికి వాడవచ్చా?

జవాబు: తప్పకుండా వాడండి. ఇల్లు నాలుగేళ్లు ఆలస్యంగానైనా కొనుక్కోవచ్చు, ఈ చికిత్సకు ఉన్న గడువు మాత్రం మన చేతిలో ఉండదు. అయితే ఏ దశలో ఎంత కావాలో ముందే లెక్క వేసుకోవాలి.

క్యాన్సర్ మొదటి గ్రేడ్‌ది (అంటే నెమ్మదిగా పెరిగే రకం) అయి, గర్భాశయ కండరంలోకి పాకలేదని ఎంఆర్‌ఐలో కనిపించినప్పుడే సాధారణంగా ఈ మార్గాన్ని సూచిస్తారు. ప్రొజెస్టిన్ మాత్రలతోనో, ఆ హార్మోన్‌ను విడుదల చేసే సాధనాన్ని గర్భాశయంలో అమర్చో చికిత్స చేస్తారు. మూడు నుంచి ఆరు నెలలకోసారి బయాప్సీ తప్పదు. వ్యాధి పూర్తిగా తగ్గడానికి చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. తగ్గినా తిరగబెట్టే అవకాశం గణనీయంగా ఉంటుంది కనుక, ఆలస్యం చేయకుండా గర్భం కోసం ప్రయత్నించమంటారు. ఐవీఎఫ్ అవసరమైతే పెద్ద మొత్తం ఒక్కసారిగా కావలసింది అప్పుడే. అందుకే ఈ సొమ్మును షేర్లలోనూ, ముందుగా తీస్తే నష్టపోయే పథకాల్లోనూ ఉంచకండి. ఐవీఎఫ్ ప్యాకేజీ ధరలో ఇంజెక్షన్లు, పిండాలను భద్రపరచడానికి ఏటా కట్టే రుసుము కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగండి.

బీమా విషయంలో జాగ్రత్త అవసరం. క్యాన్సర్ చికిత్సకు డబ్బిచ్చే పాలసీలు చాలావరకు సంతాన చికిత్సకు ఇవ్వవు. బయాప్సీ చేసింది క్యాన్సర్ పర్యవేక్షణ కోసమేనని డాక్టరు కాగితంలో స్పష్టంగా ఉండాలి, ఆ బిల్లులు సంతాన కేంద్రం బిల్లులతో కలిసిపోకూడదు. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (తీవ్రమైన జబ్బు తేలితే ఒకేసారి మొత్తం చేతికిచ్చే బీమా) ఉంటే అందులో క్యాన్సర్ నిర్వచనాన్ని చదవండి. అది మీ వ్యాధికి వర్తిస్తే వచ్చే మొత్తాన్ని సాధారణంగా ఐవీఎఫ్‌కైనా వాడుకోవచ్చు. ఉన్న ఏ పాలసీనీ ల్యాప్స్ కానివ్వకండి, వ్యాధి నిర్ధారణ అయ్యాక కొత్తది దొరకడం చాలా కష్టం.

నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. హార్మోన్లకు వ్యాధి లొంగకపోయినా, బిడ్డ పుట్టాక అయినా, గర్భసంచి తీయించుకోమనే డాక్టర్లు సాధారణంగా చెబుతారు. ఆ శస్త్రచికిత్సకూ, మీరు కోలుకునే నెలల ఇంటి ఖర్చుకూ బీమా భరించని సొమ్మును వేరే ఖాతాలో ఉంచి, ఐవీఎఫ్ కోసం దాన్ని ముట్టుకోకండి. ఎన్ని ఐవీఎఫ్ ప్రయత్నాలకు మీ సొమ్ము సరిపోతుందో మొదటి ప్రయత్నానికి ముందే మీరిద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి. ఒకటి విఫలమైన వారంలో ఆ లెక్క ప్రశాంతంగా వేయడం ఎవరికీ సాధ్యం కాదు.