నాలుగు తీగలు, జంట దోనె: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రెండు నెలల కిందట ఇదే పేజీలో ఉకులేలే (గిటారులాంటి, నాలుగు తీగల చిన్న హవాయి వాద్యం) గురించి, పరికరాలు లేకుండా సముద్రం దాటిన హవాయి వాళ్ల గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు. నేను కావలిలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. సంగీతంలో నా అర్హతలు రెండే: చిన్నప్పుడు రెండేళ్లు గాత్రం నేర్చుకుని మానేయడం, యాభై తొమ్మిదో ఏట ఉకులేలే పట్టుకోవడం. దాన్ని బట్టే చదువుకోండి.

మేడం గారూ, నాకు 46 ఏళ్లు. ఇక్కడ ఉకులేలే నేర్పేవాళ్లు లేక మూడు నెలలుగా ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి వాయిస్తున్నాను. వీడియో నడుస్తుంటే చేతులు ఆడతాయి, ఆపేస్తే ఒక్క పాటా రాదు. ఇది వయసు లోపమా? – ఒక గృహిణి, కందుకూరు

వయసుది కాదమ్మా, ఫోనుది. నాకూ అచ్చం ఇలాగే అయింది. తెర మీద వేళ్ల బొమ్మ చూడటం, అలాగే వేళ్లు పెట్టడం, అదే నేర్చుకోవడం అనుకున్నాను. ఒకరోజు ఇంటినిండా చుట్టాలు. మా మనవరాలు గొప్పగా "మా అమ్మమ్మ వాయిస్తుంది" అని చెప్పేసింది. నేను తీగలు సవరించుకునేలోపు కరెంటు పోయింది, దాంతోపాటు వైఫై పోయింది. ఉకులేలే ఒళ్లో ఉంది, బుర్రలో ఏమీ లేదు. "చీకట్లో ఇప్పుడెందుకులే వదినా" అని మా ఆడపడుచు పరువు కాపాడింది.

ఆ మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. తీగలు పైనుంచి కిందికి జి, సి, ఇ, 'ఏ' (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు). సి అంటే మన ఒకటో కట్టె. దాన్ని షడ్జమం అనుకోండి, నాలుగు తీగలూ వరసగా ప, స, గ, ద అయిపోతాయి. ఒక్క రి చేరిస్తే మోహన రాగం! ఆ రి సి తీగ మీద రెండో మెట్టు (ఫ్రెట్) దగ్గరుంది. పై షడ్జమం 'ఏ' తీగ మీద మూడో మెట్టు. ఇక ప కావాలంటే ఇ తీగ మూడో మెట్టు నొక్కినా సరే, పైనున్న జి తీగను ఊరికే మీటినా సరే, రెండూ ఒకే స్వరం. ఇది తెలిసిన రోజు నేను మధ్యాహ్నం భోజనం సంగతి మర్చిపోయాను. చిన్నప్పుడు నేర్చిన మోహన గీతం వేళ్లకి దానంతటదే దొరికింది. గమకాలు మాత్రం ఆశించకండి, తీగ పలికి చప్పున ఆరిపోతుంది. ఇది వీణ కాదు.

ఆ జి తీగ గురించి ఒక మాట. గిటారులో పైతీగ లావుగా, మంద్రంగా ఉంటుంది కదా, ఇందులో పైది సన్నగా, సి కంటే పై స్వరంలో ఉంటుంది. నాకు తీగ తప్పు వేసి పంపారనుకుని కొట్టువాళ్లతో పావుగంట ఫోన్లో పోట్లాడాను. పాపం ఆ అబ్బాయి "అది అంతే మేడం" అంటూనే ఉన్నాడు. నిజంగానే అది అంతే. ఉకులేలేకి ఆ గలగల వచ్చేది ఆ తీగ వల్లే.

కొత్త నైలాన్ తీగలు సాగుతాయి, మొదటి వారం పది రోజులు మాటిమాటికీ శ్రుతి జారిపోతుంది. విసుక్కోకుండా ముందు చెవితో సరిచేసి, ఆ తర్వాతే ట్యూనర్ యాప్‌లో చూడండి. కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడం) కూడా అంతే. సి కార్డుకి ఒక్క వేలు చాలు, 'ఏ' తీగ మూడో మెట్టు మీద ఉంగరపు వేలు. ఏ మైనర్‌కీ ఒక్క వేలే, జి తీగ రెండో మెట్టు. ఆ వేలు తీయకుండా ఇ తీగ మొదటి మెట్టు మీద చూపుడు వేలు పెడితే ఎఫ్. వీడియో ఒకసారి చూసి ఫోను బోర్లా పెట్టండి. కళ్లు మూసుకుని ఈ మూడూ మార్చి మార్చి వాయించండి.

హవాయిలో ఉన్న గురువు దగ్గరే లైవ్ క్లాసు కావాలంటే టైము చూసుకోవాలి. వాళ్లు మనకంటే పదిహేనున్నర గంటలు వెనక. మనకి ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర అయితే వాళ్లకి శనివారం సాయంత్రం ఐదు. ఇద్దరూ కలిసి వాయించాలని చూడకండి, నెట్‌లో శబ్దం ఆలస్యంగా చేరి తాళం చెడుతుంది. ఆయన వాయిస్తే మీరు వినండి, మీరు వాయిస్తే ఆయన వింటారు.

ఏ సైజు కొనాలి మేడం? – ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

సొప్రానో 21 అంగుళాలు, కన్సర్ట్ 23, టెనర్ 26. మామూలుగా మూడింటి శ్రుతీ ఒకటే. మగపిల్లల వేళ్లకి కన్సర్ట్ వీలుగా ఉంటుంది. ఇంకా పెద్దదైన బారిటోన్ శ్రుతి వేరు, ఇప్పుడే వద్దు. మనది ఉప్పుగాలి. నైలాన్ తీగలకి ఏమీ కాదుగానీ తీగలు బిగించే మరలు తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవండి. రోహిణి కార్తెలో కారులో వదిలేశారంటే జిగురు ఊడుతుంది.

మా తాత తెప్ప మీద వేటకి పోయేవాడు. ఇప్పుడు మా నాన్న బోటులో జీపీఎస్ ఉంది. హవాయి వాళ్లు ఏ పరికరం లేకుండా వేల కిలోమీటర్లు సముద్రం దాటారని మీరు రాస్తే మా ఫ్రెండ్స్ నవ్వారు. నిజమేనా? ఉకులేలే వాయించుకుంటూ పోయేవాళ్లా? – డిగ్రీ విద్యార్థి, జువ్వలదిన్నె

ముందు ఆ చివరి ప్రశ్న సంగతి చూద్దాం అబ్బాయ్. లేదు. హవాయి వాళ్ల పూర్వీకులైన పాలినేషియా (పసిఫిక్ దీవుల) వాళ్లు హవాయి చేరింది కొన్ని వందల ఏళ్ల కిందట. ఉకులేలే పుట్టింది నిన్నగాక మొన్న. 1879లో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడలో పోర్చుగల్ వాళ్ల మదీరా దీవి నుంచి చెరకు తోటల పనికి కూలీలు హొనలులు వచ్చారు. వాళ్లతో మషెటె అనే చిన్న తీగవాద్యమూ వచ్చింది. ఆ ఓడ దిగినవాళ్లలో మాన్యుయెల్ నూనెష్, అగుష్టో డియాష్, జోసే దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు వడ్రంగులు అక్కడి కోవా చెక్కతో దాన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. రాజు కలాకౌవా దాన్ని తన కొలువులో హులా నాట్యానికి పెట్టించుకున్నాడు. అలా పరాయి వాద్యం వాళ్లదైపోయింది.

ఇక మీ ఫ్రెండ్స్ నవ్వు. పెద్దపెద్ద చదువులవాళ్లే నవ్వారు. గాలివాటున కొట్టుకుపోయి దీవులు తగిలి ఉంటాయి తప్ప, దారి తెలిసి పోలేదని 1957లో ఆండ్రూ షార్ప్ అనే చరిత్రకారుడు వాదించాడు. దాన్ని తేల్చడానికి 1973లో హవాయిలో పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీ పెట్టారు, 1975లో హోకులేఅ అనే జంట దోనెను నీళ్లలోకి దించారు. అయితే చుక్కల దారి తెలిసినవాడు హవాయిలో ఒక్కడూ మిగల్లేదు. మైక్రొనీషియాలోని సతవల్ అనే చిన్న దీవి నుంచి మౌ పియైలుగ్‌ను పిలిపించుకున్నారు. 1976 మే 1న మావీ దీవిలో బయల్దేరి, దిక్సూచీ గడియారమూ చూడకుండా, నాలుగువేల పైచిలుకు కిలోమీటర్లు దాటి జూన్ 4న తాహితీలోని పపీటే రేవు చేరారు. ఒడ్డున దాదాపు 17 వేల మంది జనం.

మౌ దోనె అడుగున పడుకుని, అల ఏ వైపు నుంచి తోస్తోందో ఒంటితోనే తెలుసుకునేవాడు. నేను ఇది చదివి నమ్మలేక తుమ్మలపెంటలో ఒక ముసలి సరంగుని అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, "దాందేముంది మేడం, కళ్లు మూసుకున్నా నడుముకి తెలస్తది గదా" అన్నాడు. మీ తాతనీ అడుగు. ఆ జంట దోనెలను కలిపింది కూడా తాళ్లతోనే, తెప్ప మాను కట్టినట్టు. కట్టు, మరం అనే తమిళ మాటలనే ఇంగ్లీషువాళ్లు కెటమరాన్ చేసుకుని, చివరికి జంట దోనెలకి తగిలించారు. అసలు ఆ పేరు మీ తాత తెప్పది.

హోకులేఅ అంటే వాళ్ల భాషలో ఆనందపు చుక్క. ఏ చుక్క అనుకున్నావు? మన స్వాతి! హవాయికి సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. తాహితీ నుంచి ఉత్తరంగా వస్తూ స్వాతి నెత్తి మీదకి వచ్చిందంటే హవాయి వరసకి వచ్చినట్టే. జూన్‌లో రాత్రి తొమ్మిదికి అటూ ఇటూగా మీ ఒడ్డున నిలబడి చూడు, నెత్తికి కాస్త ఉత్తరంగా వెళ్తుంది. అలాగే చెయ్యి చాచి పిడికిలి పట్టు, అది దాదాపు పది డిగ్రీలు. మన దగ్గర ధ్రువనక్షత్రం ఒకటిన్నర పిడికిలి ఎత్తు. హవాయిలో రెండు పిడికిళ్లు. మే నెలలో అదే వేళకి దక్షిణాన త్రిశంకు (సదరన్ క్రాస్ అనే శిలువ ఆకారపు చుక్కల గుంపు) నిలువుగా నిలబడుతుంది. హవాయిలో చూస్తే దాని పైచుక్కకీ కిందిచుక్కకీ మధ్య ఎంత దూరమో, కిందిచుక్కకీ సముద్రానికీ మధ్య అంతే. మన దగ్గర ఆ కింది ఖాళీ దాదాపు రెట్టింపు. స్కేలూ పెన్సిలూ లేని జాగ్రఫీ ఇది. నేను ముప్పై ఏళ్లు బ్లాక్‌బోర్డు మీద అక్షాంశాలు గీశానుగానీ ఒక్క పిల్లవాడినీ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లలేదు.

అంతా సుఖంగా సాగిందనుకోకు. 1978లో ఇదే హోకులేఅ రాత్రిపూట తుఫాను గాలికి బోల్తాపడింది. సాయం తెస్తానని సర్ఫింగ్ బోర్డు మీద బయల్దేరిన ఎడ్డీ ఐకావు మళ్లీ కనిపించలేదు. వేటకి పోయినవాడు తిరిగి రాకపోవడమంటే ఏమిటో మీ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత రెండేళ్లకి, 1980లో, నైనోవా థాంప్సన్ అనే హవాయి కుర్రాడే చుక్కలు చూసుకుంటూ దోనెను తాహితీ చేర్చి వెనక్కి తెచ్చాడు.

యూకలేలీ అనాలా, ఉకులేలే అనాలా? అర్థం ఏమిటి? – ఒక పాఠకురాలు, నెల్లూరు

హవాయి వాళ్లు ఉకులేలే అనే అంటారు, మన నోటికీ అదే సులువు. ఉకు అంటే పేనులాంటి పురుగు, లేలే అంటే గెంతడం. తీగల మీద వేళ్లు గెంతుతాయని ఆ పేరు పెట్టారంటారు. చివరి రాణి లిలియుఓకలానికి ఈ పేను నచ్చలేదు. ఆమె స్వయంగా పాటలు కట్టిన మనిషి. 'ఇక్కడికి వచ్చిన కానుక' అని అర్థం చెప్పేదట. నా ఓటు రాణిగారికే. మా మనవరాలు మాత్రం పేను దగ్గరే ఆగిపోయింది, నేను వాయించడానికి కూర్చుంటే తల గోక్కుంటూ వస్తుంది.